చెయ్యి చాచకుండా పదివేల మందిని సాకిన ముల్లర్

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని జోరుగా సాగుతున్న రోజులవి. 1849 జూన్‌లో, ఇక్కడికి వేల మైళ్ల దూరాన ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్నం శివార్లలో ఒక కొత్త భవనం తలుపులు తెరుచుకున్నాయి. తల్లీ తండ్రీ లేని 300 మంది పిల్లలకు అందులో చోటుంది. దాన్ని కట్టించిన జార్జి ముల్లర్ ధనవంతుడు కాదు. ఏ గొప్పవారి గుమ్మమూ ఎక్కలేదు. చందాల పుస్తకం పట్టుకుని ఊరూరా తిరగలేదు.

ఈ ముల్లర్‌తో మన డెల్టాకు ఒక చుట్టరికం ఉంది. నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌ను ప్రారంభించిన బౌడెన్, బీర్ దంపతులను 1836లో ఇంగ్లండు నుంచి వెంటబెట్టుకుని బయలుదేరినవారు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఆ గ్రోవ్స్ చెల్లెలు మేరీని 1830లో వివాహం చేసుకున్నవారే ముల్లర్.

జోడులో దాచిన డబ్బు

ముల్లర్ పుట్టింది ఇంగ్లండులో కాదు. 1805 సెప్టెంబరు 27న ప్రష్యాలోని క్రోపెన్‌స్టెట్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి పన్నులు వసూలు చేసే ఉద్యోగి. పదేళ్లయినా నిండకముందే జార్జి, తండ్రి దగ్గరుండే సర్కారు సొమ్ములోంచి దొంగిలించడం మొదలుపెట్టాడు. అనుమానం వచ్చిన తండ్రి ఒకరోజు డబ్బు లెక్కపెట్టి గదిలో ఉంచి బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చి కొడుకును సోదా చేస్తే, డబ్బు జోడులో పాదం కింద దొరికింది. దెబ్బలు తిన్నాడు గాని బుద్ధి మారలేదు. తల్లి మరణశయ్య మీద ఉన్న రాత్రి కూడా ఆ సంగతి తెలియక పేకాటలో కూర్చున్నాడు. పదహారేళ్ల వయసులో పూటకూళ్ల ఇళ్లలో దిగి డబ్బు కట్టకుండా జారుకోబోయి మూడు వారాలకు పైగా జైల్లో ఉన్నాడు. తండ్రే బాకీలు తీర్చి విడిపించాడు.

మత బోధకుడైతే బతుకుతెరువుకు లోటుండదని తండ్రి అతణ్ణి హాలే విశ్వవిద్యాలయంలో చేర్పించాడు. 1825లో ఒక స్నేహితుడి వెంట చిన్న ప్రార్థన కూటానికి వెళ్లినప్పుడు అతని మనసు తిరిగింది. ఆ ఊళ్లోనే ఫ్రాంకె అనే బోధకుడు అంతకు నూరేళ్లకు పైగా ముందు స్థాపించిన పెద్ద అనాథ శరణాలయం ఉంది. బీద విద్యార్థులకు ఇచ్చే ఉచిత వసతిలో ముల్లర్ రెండు నెలలు అక్కడే ఉన్నాడు. ఆ తలపు ఎన్నాళ్లయినా అతన్ని వదల్లేదు.

ఒక్కరూ రాని రోజు

1829లో ఇంగ్లండు చేరిన ముల్లర్ బోధకుడయ్యారు. మరుసటి సంవత్సరమే జీతం వద్దన్నారు. 1832లో బ్రిస్టల్ వచ్చి స్థిరపడ్డారు. కలరా విరుచుకుపడిన సంవత్సరం అది. అనాథ పిల్లలకు ఒక ఇల్లు తెరవాలని 1835లో నిశ్చయించుకున్నారు.

అద్దె ఇల్లు, సామాను, పనిచేసేవారు, అన్నీ సమకూడాయి. దరఖాస్తులు తీసుకునే రోజు వచ్చింది. రెండు గంటలు కూర్చున్నా ఒక్కరూ రాలేదు. డబ్బు కోసం, ఇంటి కోసం, మనుషుల కోసం ప్రార్థించాను గాని పిల్లల కోసం ప్రార్థించడమే మరిచానని ఆయన తరువాత రాసుకున్నారు. మర్నాడు మొదటి దరఖాస్తు వచ్చింది. 1836 ఏప్రిల్‌లో విల్సన్ వీధిలో ఆడపిల్లల శరణాలయం మొదలైంది. క్రమంగా అదే వీధిలో నాలుగు ఇళ్లయ్యాయి. పిల్లల గోల పడలేమని ఇరుగుపొరుగు మొరపెట్టుకోవడంతో ఊరి బయట యాష్లీ డౌన్ కొండమీద భవనాలు కట్టించారు. 1870 నాటికి అవి అయిదయ్యాయి. 2,050 మందికి అక్కడ చోటు ఉండేది.

అప్పు చేయరాదు, అడగరాదు

ముల్లర్ పెట్టుకున్న నియమాలు రెండు. మనుషుల్ని డబ్బు అడగకూడదు. అప్పు చేయకూడదు. రొట్టె, పాలు సైతం చేతిలో డబ్బుంటేనే కొనేవారు. 1838 నుంచి కొన్నేళ్లు మధ్యాహ్నం భోజనానికి ఉదయం దాకా దమ్మిడీ లేని రోజులు ఎన్నో గడిచాయి. ఆ సంగతి లోపల పనిచేసేవారికి తప్ప బయటివారికి తెలియనిచ్చేవారు కాదు. వారు తమ సొంత డబ్బు ఇచ్చి పూట గడిపిన సందర్భాలూ ఉన్నాయి. 1841 చివర వార్షిక నివేదిక వెలువడవలసి ఉంది. అప్పుడు ఖజానా ఖాళీ. ఆ సమయంలో లెక్కలు ప్రకటిస్తే అడుక్కున్నట్టే అవుతుందని దాన్ని కొన్ని నెలలు వాయిదా వేశారు.

వచ్చిన ప్రతి కాసుకూ లెక్క ఉండేది. ఆ లెక్క ఏటా అచ్చయ్యేది. ఇచ్చినవారి పేర్లు మాత్రం వేసేవారు కాదు. ఇలా ఆయన చేతుల మీదుగా దాదాపు 15 లక్షల పౌన్లు ఖర్చయ్యాయి. ఏటా అచ్చువేసే నివేదికలే పెద్ద విజ్ఞప్తి అని ఎత్తిపొడిచినవారూ లేకపోలేదు.

1857 శీతకాలంలో మొదటి భవనంలో నీళ్లు కాచే బాయిలరు చిల్లి పడింది. బాగుచేయాలంటే నిప్పు ఆర్పాలి. బయట ఉత్తరపు గాలి కోసేస్తోంది. లోపల 300 మంది పిల్లలు. గాలి దక్షిణానికి మళ్లాలనీ, పనివారికి పనిమీద మనసు కలగాలనీ ముల్లర్ ప్రార్థించారు. పని మొదలైన రోజున దక్షిణపు గాలి వీచింది. పనివారు రాత్రంతా పనిచేస్తామని తమంతట తామే అన్నారు. తెల్లవారేసరికి పని దాదాపు ముగింపుకొచ్చింది.

శరణాలయంలో చేరడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. అయితే తల్లిదండ్రులిద్దరూ పోయిన, వివాహ బంధంలో పుట్టిన పిల్లల్నే చేర్చుకునేవారు. ఆ గీతకు అవతల ఉన్నవారికి ఆ తలుపు తెరుచుకోలేదు. మగపిల్లల్ని పద్నాలుగేళ్లకు వృత్తిపనిలో పెట్టేవారు. ఆడపిల్లలు పదిహేడు దాకా ఉండి, ఎక్కువగా ఇళ్లలో పనికి వెళ్లేవారు.

డెబ్బయ్యో ఏట, 1875లో, ముల్లర్ దేశాలు తిరిగి బోధించడం మొదలుపెట్టారు. 17 ఏళ్లలో 42 దేశాలు చూశారు. భారతదేశానికీ వచ్చారు. 1898 మార్చి 10న శరణాలయంలోని తన గదిలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన ఆదుకున్న అనాథలు 10,024 మంది. ఆ భవనాలు 1958లో అమ్ముడయ్యాయి. ఆయన పేరిటి సంస్థ ఇప్పుడు శరణాలయాలు నడపడం లేదు.

లక్షల పౌన్లు దాటిపోయిన ఆ చేతుల్లో చివరికి మిగిలిన సొంత ఆస్తి, సామానూ పుస్తకాలతో కలిపి, సుమారు 160 పౌన్లు. తండ్రి లెక్కపెట్టి ఉంచిన డబ్బును జోడులో దాచుకున్న పిల్లవాడు, పెద్దయ్యాక పరుల సొమ్ముకు కాసు పోకుండా లెక్క అప్పజెప్పి వెళ్లాడు.