డిజిటల్ శిల్పములందు సౌష్ఠవ దోషములు

మట్టియు ఉలియు లేకయే కంప్యూటరు తెరపై బొమ్మను మలచు విద్య నేడు విద్యార్థులకు సైతము అందుబాటులోనికి వచ్చినది. హాలెండు దేశీయుడగు టోన్ రూసెండాల్ 1994లో ఆరంభించిన ‘బ్లెండర్’ అను సాధనము 2002 నుండి ఎల్లరకును ఉచితముగ లభించుచుండుట ఇందులకు ముఖ్యకారణములలో నొకటి.

ఈ విద్య నభ్యసించువారికి తరచుగ నెదురగు చిక్కు, ముఖముయొక్క కుడియెడమలు సరిపోలకపోవుట. సౌష్ఠవపు మీటను నొక్కియే యుంచినను ఎడమకంటిపై గీసిన గీటు కుడికంటిపై గాక చెక్కిలిపై పడును. ముక్కు నడుమ సన్నని గట్టొకటి లేచును. అంతట పలువురు ‘సిమెట్రైజ్’ అను ఆజ్ఞ నిచ్చి, సగము బొమ్మను తుడిచి, రెండవ సగమును దానిచోట ప్రతిబింబింపజేయుదురు. దినముల తరబడి చేసిన పని క్షణములో పోవును. దోషము మాత్రము తరచుగ మిగిలియే యుండును. రోగనిదానము చేయక మందిచ్చుట యనగా నిదియే.

ఇది కేవలము బొమ్మలాట యని తలపరాదు. ఒక చెవి లేనివారికి కృత్రిమకర్ణము నమర్చునప్పుడు, బాగుగనున్న చెవిని స్కాను చేసి, దాని ప్రతిబింబమును కంప్యూటరులో తీసి, దానినిబట్టి రెండవ చెవిని తయారుచేయు పద్ధతి కలదు. అచ్చట ప్రతిబింబతలము 2 మిల్లీమీటర్లు ప్రక్కకు తొలగినచో చెవి 4 మిల్లీమీటర్లు తొలగును. తలము జరిగినదానికి ప్రతిబింబము రెట్టింపు జరుగుట అద్దముయొక్క స్వభావము.

కంప్యూటరునకు అందచందములు తెలియవు, సంఖ్యలే తెలియును. బొమ్మ ఉపరితలము వేలకొలది బిందువులతో నల్లిన వల వంటిది. ఈ వలనే ‘మెష్’ అందురు. ప్రతి బిందువునకును మూడు నిరూపకములు గలవు. ఎడమప్రక్క బిందువు (3, 5, 2) అయినచో కుడిప్రక్క దాని జంట (−3, 5, 2) కావలెను. నడిమిగీతపై నున్న బిందువులకు మొదటి నిరూపకము సున్న కావలెను. సౌష్ఠవమనగా నింతే. కావున ‘బొమ్మ వంకరగా నున్నది’ అనుకొనుటకు ముందు, ‘సున్న యెచ్చట నున్నది?’ అని ప్రశ్నించుకొనవలెను.

మాకు తెలిసినంతవరకు చిక్కులలో పెక్కులు ఈ ప్రశ్నయొద్దనే తేలిపోవును. బ్లెండరులో ప్రతి వస్తువునకును ఒక మూలబిందువు కలదు. ప్రతిబింబతలము దానిగుండా పోవును. తలపై ఒక ప్రక్కనే కొప్పుగల స్త్రీమూర్తిని మలచితిమనుకొందము. పిదప మూలబిందువును బొమ్మనడుమ నిలుపుమని ఆజ్ఞ యిచ్చినచో, యంత్రము కొప్పును కూడ లెక్కలోనికి దీసికొని, ఆ బిందువును కొప్పువైపునకు జరుపును. ముఖము చెడలేదు, అద్దము జరిగినది. అట్టియెడ ముఖమును ముట్టరాదు. ముక్కు నడుమగల బిందువుల నెన్నుకొని, త్రిపరిమాణ కర్సరును అచ్చటికి జేర్చి, మూలబిందువును ఆ కర్సరునొద్దకు తెచ్చినచో సరిపోవును.

తల వాల్చిన బొమ్మల విషయమున మరియొక మెలకువ కలదు. వస్తువును మొత్తముగ వాల్చినప్పుడు దాని అక్షములును వెంట వాలును గనుక సౌష్ఠవము చెడదు. కాని ఆ భ్రమణమును ‘అప్లై’ చేసినంతనే అక్షములు నిటారుగ నిలుచును, తల వాలియే యుండును. ఆపై గీసిన ప్రతి గీటును తప్పుచోటనే పడును.

దోషమెచ్చటనో కనుగొనుటకు సులభోపాయ మొకటి: బొమ్మకు నకలు తీసి, వేరొక రంగు వేసి, మూలబిందువు నాధారముగ ఎక్స్ దిశలో −1 చేత గుణింపవలెను. రెండును సరిగా నొదిగినచోట రంగులు కలగాపులగమై మినుకుమినుకుమనును. ఒక రంగే ఉబికి కనబడుచోట కుడియెడమలకు భేదమున్నట్లు.

నడిమిగట్టుదేముంది, అది చిన్నపని: అచ్చటి బిందువుల మొదటి నిరూపకమును సున్న చేసి, ఒకదానిపై నొకటి పడినవానిని కలిపివేసిన చాలును.

అక్షము సరియైన పిమ్మటను భేదము మిగిలినచో, బిందువులకు జంటలున్నవో లేవో చూడవలెను. జంటలుండి కొంచెము తొలగినచో ‘స్నాప్ టు సిమెట్రీ’ మేలు. అది దేనిని తుడువదు. జంటబిందువులను వెదకి సరిచేయును. దాని గుణకమును 0.5గా నుంచినచో ఇరుప్రక్కలకును మధ్యస్థమైన రూపు వచ్చును. కుంచె తగిలినచోట బిందువులను పెంచు పద్ధతిలో మలచిన బొమ్మలకు జంటలు నిలుచునను నమ్మకము లేదు. వానికి సిమెట్రైజ్ తప్పదు. అప్పుడైనను ముందుగ ఫైలునకు నకలుంచి, ఏ ప్రక్క బాగున్నదో తేల్చుకొని, దిశను చూచి మరి ఆజ్ఞ నీయవలెను. ధనదిక్కునకు ఋణదిక్కును ఎన్నుకొన్నచో మంచి సగమే మాయమగును!

మన శిల్పులకు ఈ సంగతి క్రొత్తది కాదు. విగ్రహముయొక్క నడుమ నిలువుగా దిగు గీతను వారు బ్రహ్మసూత్రమందురు. మన తమిళనాట తంజావూరు జిల్లా స్వామిమలైలో కంచువిగ్రహములు చేయు స్థపతులు కొబ్బరియాకు ఈనెను విడిచి, ఆకుపట్టీని విగ్రహమంత పొడవు కత్తిరించి, మడతలతో అవయవముల కొలతలు తీయుదురు. సమభంగమూర్తికి శరీరము సూత్రమున కిరుప్రక్కల సమముగ నుండును. త్రిభంగమూర్తికి నడుము, మెడ సూత్రమునుండి తొలగును. సూత్రము మాత్రము కదలదు.

కంప్యూటరు బొమ్మకును ఈ వరుసయే అనుకూలమని మా తలంపు. కనులు, ముక్కు, చెవులు, భుజములు మొదలగునవి సౌష్ఠవముతోనే ముగించి, ఆ ఫైలును వేరుగ దాచవలెను. పెదవిమూలనున్న చిరునవ్వు, ఒక కనుబొమ పైకెత్తుట, ప్రక్కకొప్పు మొదలగునవి సౌష్ఠవపు మీటను తీసివేసిన పిదప, కడపట చేయవలెను. కొప్పును వేరు వస్తువుగనే యుంచినచో మూలబిందువును లాగుకొనిపోవు భయమును ఉండదు.