మన నర్సులను పంపుతున్నది ఎవరు?



నెల్లూరు తీరంలోని మన సంఘాల్లో ఈమధ్య తరచుగా కనబడే దృశ్యం ఒకటుంది. ఆదివారం ఆరాధన ముగిసే ముందు పాస్టరు గారు ఒక అమ్మాయిని ముందుకు పిలుస్తారు. నర్సింగ్ చదివిన బిడ్డ. సౌదీకో, బ్రిటన్‌కో, జర్మనీకో వీసా వచ్చింది. తల్లిదండ్రులు కృతజ్ఞతార్పణ కవరు అందిస్తారు. పెద్దలు ఆమె తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. ఆ సంతోషంలో మేమూ పాలుపంచుకున్నాం. రొయ్యల గుంటల మీద కూలికి పోయిన తల్లి, సముద్రం మీద వేటకు పోయిన తండ్రి కడుపు కట్టుకుని చదివించిన బిడ్డ ఒడ్డున పడుతుంటే సంతోషించనివారెవరు?

అయితే ఆ కవరుకు ముందే ఇంకో కవరు చేతులు మారి ఉంటుంది. దాని సంగతి సాక్ష్యంలో ఎవరూ చెప్పరు. అది ఏజెంటుకు ఇచ్చిన కవరు. దానికోసం తల్లి మెడలోని గొలుసు కుదువకు పోయి ఉంటుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఉంటారు. చెల్లెలి పెళ్లికని కట్టిన చీటీ ముందుగానే పాడుకుని ఉంటారు. బిడ్డ విమానం ఎక్కే రోజుకే ఆమె రెండేళ్ల సంపాదన మీద వేరొకరి పేరు రాసి ఉంటుంది.

ఈ వారం ఈ విషయం రాయడానికి కారణం అదే. విదేశాలకు నర్సుల నియామకం ఎలా జరుగుతుంది, అందులో న్యాయమేది, మోసమేది, సంఘంగా మన పాత్ర ఏమిటి అన్నది మనం తెలుసుకోవాలి.

ఒకప్పుడు దారి ఇటువైపు ఉండేది

ముందుగా మన చరిత్ర ఒకసారి గుర్తు చేసుకుందాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు 1840లో నెల్లూరు చేరుకున్నారు. ఆ తర్వాతి కాలంలో ఆ మిషన్ ఇక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి నడిపింది. గుంటూరుకు 1883లో వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గారి ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. మనకు పొరుగునే ఉన్న వెల్లూరులో ఐడా స్కడ్డర్ గారి ఆసుపత్రిలో 1909లో నర్సుల శిక్షణ మొదలైంది. ఆడపిల్ల పరాయివారి ఒళ్లు తుడవడం, పుండు కడగడం మైలపని అని పరువుగల ఇళ్లవారు ఒప్పుకోని రోజులవి. ఆ పనికి ముందుకొచ్చినవారిలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలే. ఊరు దూరంగా పెట్టిన ఇళ్ల నుంచి వచ్చిన బిడ్డలు తెల్లని బట్టలు కట్టుకుని, ఆ ఊరివారి ప్రాణాలనే కాపాడారు.

ఆనాడు సముద్రం దాటి వచ్చిన అమ్మగార్లు అప్పు చేసి రాలేదు. ఓడ ఖర్చు, జీతం, మందులు, ఆసుపత్రి గోడలకు కావలసిన డబ్బు వారి దేశంలోని సంఘాలు, ముఖ్యంగా స్త్రీల సమాజాలు, చందాలు కూడబెట్టి పంపాయి. పంపినవారు ఖర్చు భరించారు. ఈనాడు మన బిడ్డలు అటు వెళుతున్నారు. దారి తిరగబడింది, ఖర్చు కూడా తిరగబడింది. ఇప్పుడు భరిస్తున్నది వెళ్లే బిడ్డ, ఆమె తల్లిదండ్రులు.

ఎవరి కొరత ఎవరు తీరుస్తున్నారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు. ఇంకా 58 లక్షల మంది కావాలి. పనిచేస్తున్న ప్రతి ఏడుగురు నర్సుల్లో ఒకరు తాము పుట్టిన దేశంలో లేరు. ధనిక దేశాల్లో వృద్ధులు పెరుగుతున్నారు, సీనియర్ నర్సులు రిటైరవుతున్నారు. కొత్తవారిని తయారుచేయడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. వేరే దేశంలో తయారైన నర్సును పిలిపించుకుంటే కొద్ది నెలల్లో వార్డు నిండుతుంది. నియామకాల వెనుక ఉన్న లెక్క ఇంతే.

కానీ మన వార్డు సంగతేమిటి? కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో వెయ్యి మందికి సుమారు ఇద్దరు నర్సులు. వెయ్యికి ముగ్గురుండాలన్నది సాధారణంగా చెప్పుకునే ప్రమాణం. రిజిస్టరులో పేరున్న ప్రతి నర్సూ వార్డులో లేదు. కొందరు విదేశాల్లో ఉన్నారు, కొందరు పెళ్లయ్యాక మానేశారు. కాబట్టి ఒక నర్సు ఇక్కడినుంచి అక్కడికి వెళితే కొరత తీరలేదు, చోటు మారింది.

ఇది లోకానికి తెలియని సంగతి కాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2010లో ఒక నియమావళిని ఆమోదించాయి. వైద్య సిబ్బంది తీవ్రంగా కొరవడిన దేశాల మీద పడి నియామకాలు చేయవద్దన్నది అందులోని ముఖ్యాంశం. స్వంతంగా వెళ్లదలచిన వ్యక్తి హక్కును అది కాదనదు. 2023లో ప్రకటించిన రక్షణ జాబితాలో నైజీరియా, ఘనాలతో కలిపి 55 దేశాలున్నాయి. అందులో భారతదేశం లేదు.

మన రాష్ట్రానికి సంబంధించి మరో విషయం కూడా ఉంది. 2000 తర్వాతి సంవత్సరాల్లో బ్రిటన్ తన నియామక నియమావళిలో, తమ ప్రభుత్వ సహాయం అందుకుంటున్న కొన్ని భారత రాష్ట్రాలకు వెళ్లి నర్సులను తీసుకోవద్దని రాసుకుంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒక చేత్తో ఆసుపత్రికి సాయమిచ్చి, మరో చేత్తో అదే ఆసుపత్రి నర్సును తీసుకుపోవడం సరికాదన్నది దాని భావం. ఒక దేశపు ఆరోగ్యశాఖకు తట్టిన ఈ ఆలోచన మన సంఘాలకు తట్టకపోతే ఎలా?

ఏజెంటు గడప తొక్కే ముందు

వెళ్లాలని నిశ్చయించుకున్న బిడ్డలకు, తల్లిదండ్రులకు కొన్ని మాటలు.

వలస చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు ఒక్కరి నుంచి తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలకు మించకూడదు. పన్నుతో కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. లక్షలు అడిగినవాడు ఎంత భక్తిగా మాట్లాడినా, మన సంఘస్థుడైనా, చట్టం దాటినవాడే. బ్రిటన్ చట్టమైతే ఉద్యోగం చూపించినందుకు ఉద్యోగార్థి దగ్గర ఏజెన్సీ రుసుము తీసుకోవడాన్నే నిషేధించింది.

2015లో కొచ్చిలో సి.బి.ఐ. నమోదు చేసిన ఒక కేసు గుర్తుంచుకోండి. కువైట్‌కు నర్సులను పంపే ఏజెన్సీ ఒక్కొక్కరి దగ్గర 19,500 రూపాయలు తీసుకోవలసి ఉండగా, 19 లక్షల 50 వేల వరకు వసూలు చేసిందన్నది అభియోగం. సరిగ్గా వంద రెట్లు. అదే సంవత్సరం కేంద్రం గల్ఫ్‌తో సహా 18 దేశాలకు నర్సుల నియామకాలు ఇ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా, ప్రభుత్వ సంస్థల చేతులమీదుగా జరగాలని ఆదేశించింది. కేరళలో నోర్కా రూట్స్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నట్టే మన రాష్ట్రంలో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. ముందు అక్కడ విచారించండి. ప్రైవేటు ఏజెంటు అయితే అతని లైసెన్సు నంబరు అడిగి ఇ-మైగ్రేట్‌లో సరిచూసుకోండి.

పరీక్షలకు దొడ్డిదారి లేదు. బ్రిటన్‌కు ఇంగ్లీషు పరీక్షతో పాటు అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పరీక్షలు, అమెరికాకు ఎన్‌క్లెక్స్, జర్మనీలో నర్సుగా గుర్తింపుకు జర్మన్ భాష బి2 స్థాయి కావాలి. వీటిలో దేన్నీ ఏజెంటు మీ బదులు రాయలేడు. అలాగే కేర్ వర్కర్ ఉద్యోగం, నర్సు ఉద్యోగం ఒకటి కాదు. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను రప్పించుకునే వీసా దారిని బ్రిటన్ 2025 జులై 22న మూసేసింది. ఇప్పటికీ ఆ వీసా ఇప్పిస్తామని డబ్బడిగేవారిని నమ్మకండి.

ఒప్పందం కాగితం చదవకుండా సంతకం పెట్టవద్దు. ముందుగా మానేస్తే ఎంత కట్టాలో, జీతంలో ఏమేమి కోస్తారో, ఉండే చోటు ఎవరిస్తారో అందులో చూసుకోవాలి. పాస్‌పోర్టు, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఎవరి దగ్గరా తాకట్టు పెట్టవద్దు.

పూటకూళ్లవానికి ఇచ్చిన రెండు దేనారములు

ఇక మనల్ని మనం పరీక్షించుకోవలసిన మాట. మన బిడ్డలు ఎందుకు వెళుతున్నారు? సుప్రీంకోర్టు ఆదేశంపై 2016లో ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ మాట చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది. నాలుగేళ్లు బి.ఎస్సీ. నర్సింగ్ చదివి, రాత్రి డ్యూటీలు చేసి వచ్చిన జీతంలో హాస్టలు, బస్సు ఖర్చులు పోను ఇంటికి పంపడానికి మిగలనప్పుడు, సేవాభావం లేదని ఆ బిడ్డను తప్పుపట్టే హక్కు మనకుందా? క్రైస్తవ ఆసుపత్రులు కూడా కొన్నిసార్లు "ఇది ప్రభువు సేవ" అన్న మాటను తక్కువ జీతానికి సాకుగా వాడుకున్నాయని ఒప్పుకోవాలి.

మంచి సమరయుని కథను మనం ఎన్నోసార్లు విన్నాం. దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాని గాయాలు కట్టిన సమరయుని మెచ్చుకుంటాం. కానీ ఆ కథలో ఇంకొకడున్నాడు. మరునాటినుంచి ఆ రోగిని చూసుకున్నవాడు పూటకూళ్లవాడు. సమరయుడు అతణ్ణి ఉచితంగా చేయమనలేదు. రెండు దేనారములు చేతిలో పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాటిచ్చాడు. రోగిని చూసే చేతులకు కూలి ముట్టజెప్పడం కూడా కనికరంలో భాగమేనని ఆ కథ చెబుతుంది.

కాబట్టి సంఘాలకు మా మనవి. నర్సింగ్ చదివిన బిడ్డల పరీక్ష ఫీజులకు, భాషా శిక్షణకు వడ్డీ లేని అప్పు ఇచ్చేలా సంఘనిధిలో కొంత ప్రత్యేకించండి. స్త్రీల సమాజాలకు ఇది కొత్త పని కాదు, ఒకప్పుడు వేరే దేశపు స్త్రీలు మనకోసం చేసిందే. మన సంఘస్థులు నడిపే ఆసుపత్రుల్లో నర్సు జీతం ఎంతో కమిటీ సమావేశంలో అడగండి. వెళ్లిన బిడ్డల తల్లిదండ్రులను మరచిపోవద్దు. ఎవరి వృద్ధులనో చూసుకోవడానికి బిడ్డ వెళితే, ఇక్కడ ఆమె తల్లికి బి.పి. చూసే దిక్కు లేకపోవడం మనందరికీ సిగ్గు. యౌవనస్థుల్లో ఇద్దరు నెలకోసారి ఆ గడపలు తొక్కితే చాలు. ఇక్కడే ఉండి మన ప్రభుత్వాసుపత్రుల్లో, పి.హెచ్.సి.ల్లో పనిచేస్తున్న నర్సులను కూడా ఒక ఆదివారం ముందుకు పిలిచి ప్రార్థించండి. వీసా వచ్చినవారికేనా ఆశీర్వాదం?

వచ్చే ఆదివారం మన ముందుకు మరో బిడ్డ వచ్చి నిలబడవచ్చు. పాస్టరు గార్లారా, పెద్దలారా, ఆమె తలమీద చేయి ఉంచే ముందు పక్కకు పిలిచి ఒక్క మాట అడగండి: "అమ్మా, దీనికోసం ఎంత అప్పు చేశారు?" ఆమె చెప్పే జవాబు విన్న తర్వాత ప్రార్థన మొదలుపెడదాం.