ప్రాచీనునికి మరల భూశయ్య

మృతులను గౌరవముతో సాగనంపుట మానవుడు మిక్కిలి పూర్వకాలముననే అలవరచుకొన్న మర్యాద. కాని వేల యేండ్ల క్రిందట మరణించిన మనుష్యుని యెముకలు నేడు బయల్పడినచో వానిపై అధికారమెవ్వరిది? మానవచరిత్రను శోధించు శాస్త్రజ్ఞునిదా? ఆతడు తమ పితరుడని చెప్పుకొను జనులదా? అమెరికాలో ఒకచో ఈ వివాదము తీరుటకు ఇరువది సంవత్సరములు పట్టినది.

1996 జూలై 28వ తేదీన, వాషింగ్టన్ రాష్ట్రమునందలి కెన్నెవిక్ పట్టణము చెంత కొలంబియా నదిలో పడవపందెములు జరుగుచుండెను. చూడవచ్చిన యిద్దరు యువకులకు ఒడ్డునీటిలో ఒక పుఱ్ఱె కనబడెను. పిమ్మట అచ్చట దొరకిన యెముకలును తునకలును సుమారు మూడువందలు. తుంటియెముకలో ఒక రాతిమొన దిగియుండెను. ఆ గాయము మానియుండెను. ఆతడు జీవించినది సుమారు 8,500 సంవత్సరముల క్రిందట.

ఆ ప్రాంతపు మూలవాసులైన ఉమటిల్లా, యాకమా, నెజ్ పెర్స్, కోల్విల్, వనపమ్ తెగలవారు ఆతనిని ‘ప్రాచీనుడు’ అని పిలిచి, మరల పూడ్చుటకై తమకప్పగింపుమని కోరిరి. మూలవాసుల పూర్వీకుల అస్థికలను వారికి తిరిగి యిచ్చుటకై 1990లో చేయబడిన చట్టము వారికాధారము. నదీతీరభూమిపై అధికారముగల సైనిక యింజనీర్ల శాఖవారు సమ్మతించిరి. అంతలో ఎనమండుగురు శాస్త్రజ్ఞులు న్యాయస్థానమునాశ్రయించిరి. ఇంత పురాతనమైన అస్థికలు అరుదనియు, పరీక్షింపక పూడ్చినచో తెలియదగినదంతయు మట్టిలో కలియుననియు వారి వాదము. పుఱ్ఱె ఆకారము నేటి మూలవాసుల పోలికగా లేదనియు కొందరనిరి. నేటి తెగలతో సంబంధము రుజువు కాలేదని 2004లో అప్పీలు న్యాయస్థానము శాస్త్రజ్ఞుల పక్షమున తీర్పు చెప్పెను. ప్రాచీనుడు సియాటిల్ నగరమందలి బర్క్ మ్యూజియములోనే ఉండిపోయెను. తెగలవారు అచ్చటికే వచ్చి ప్రార్థనలు సలుపుకొనుచుండిరి.

పరీక్షలు వ్యర్థము కాలేదు. యెముకలపై పేరుకొన్న సున్నపుపొరలనుబట్టి, ఆతనిని నది కొట్టుకొనివచ్చి పడవేయలేదనియు, ఎవరో వెల్లకిల పరుండబెట్టి పూడ్చిరనియు పరిశోధకులు నిర్ణయించిరి. 2015లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎస్కె విల్లర్‌స్లెవ్ బృందమువారు చేతియెముక తునకనుండి డి.ఎన్.ఏ.ను గ్రహించి పరీక్షించిరి. పోల్చిచూచుటకు కోల్విల్ తెగవారు తమ నమూనాలనిచ్చిరి. లోకములోని యే యితర జనులకంటెను అమెరికా మూలవాసులకే ప్రాచీనుడు దగ్గరివాడని తేలెను. పుఱ్ఱె ఆకారమునుబట్టి చేసిన ఊహ తప్పినది. పెద్దలు చెప్పుచువచ్చిన మాట నిలిచినది.

2016 డిసెంబరులో ప్రాచీనుని తెగలకప్పగింపవలెనని ప్రత్యేక శాసనమేర్పడెను. 2017 ఫిబ్రవరి 18వ తేదీన అయిదు తెగలకు చెందిన రెండువందలమందికి పైగా కూడి ఆతనిని మరల భూమిలో నుంచిరి. ఆ స్థలమెచ్చటనో వారు వెల్లడింపలేదు.

ఇందు శాస్త్రమోడినదనుట తగదు. బంధుత్వమునకు తుదిసాక్ష్యము పలికినది శాస్త్రమే. కాని ఆ సాక్ష్యము లభించువరకును తెగలవారి మాటకు విలువ లేకపోయినది. ఆ ఇరువది యేండ్ల నిరీక్షణము వారు అనుభవించినదే. చరిత్ర బోధించువారును చదువువారును మరువరానిదొకటి గలదు: పరిశోధకునికి ఆధారముగా తోచు అస్థిపంజరము ఒకనాడు ఎవరికో ఆత్మీయుడు. ఎనిమిదివేల యేండ్లకు పూర్వము తనవారు ఆతనిని జాగ్రత్తగా నిదురింపజేసిరి. నది ఆ నిద్రను భంగపరచినది. తనవారే మరల పరుండబెట్టిరి.