విజయయాత్ర ఒకనాడు.. జయంతి మరొకనాడు
హనుమాన్ ర్యాలీ తేదీపై ఏటా సందిగ్ధం

నెక్కొండ: చైత్రమాసం ప్రవేశించగానే పల్లెల్లో ఒక ప్రశ్న తలెత్తుతుంది. హనుమాన్ జయంతి ఎప్పుడు? కాషాయ పతాకాలతో ద్విచక్ర వాహనాల ర్యాలీ తీయదలచిన యువకులకు, మాల ధరించే స్వాములకు, హైదరాబాద్ విజయయాత్రకు తరలివెళ్లే వారికి ఈ తేదీ అత్యవసరం. గోడమీది క్యాలెండర్ ఒక తేదీ చూపితే, సెల్‌ఫోన్ మరొకటి చూపుతుంది. ఒకరు ఏప్రిల్ అంటే, ఇంకొకరు మే అంటారు. విచిత్రమేమంటే పలు సందర్భాల్లో ఇరువురి మాటా నిజమే.

తెలుగు నాట ఆంజనేయుని ఉత్సవాలు రెండు పర్యాయాలు జరుగుతాయి. చైత్ర శుద్ధ పౌర్ణమి నాటిది హనుమద్విజయోత్సవం. వైశాఖ బహుళ దశమి నాటిది జయంతి. ఈ రెండో తిథికి పరాశర సంహితను ప్రమాణంగా చూపుతారు. జగిత్యాల జిల్లా కొండగట్టులో వీటినే చిన్న జయంతి, పెద్ద జయంతి అని వ్యవహరిస్తారు. అయితే ఉత్తరాదిన చైత్ర పౌర్ణమినే జయంతిగా పాటిస్తారు. అక్కడి పేరు క్యాలెండర్ల ద్వారా, టీవీల ద్వారా ఇక్కడికీ చేరడంతో రెండు రోజులకూ ఒకే పేరు స్థిరపడింది. చిక్కంతా అక్కడే ఉంది. తమిళనాడులో మార్గళి మాసపు అమావాస్య నాడు, కర్ణాటకలో పలుచోట్ల మార్గశిర శుద్ధ త్రయోదశి నాడు ఈ పర్వం జరుగుతుంది కనుక భేదం మనకు మాత్రమే పరిమితం కాదు.

మోటారు సైకిళ్ల ర్యాలీకి సంబంధించినంత వరకు ప్రధానమైనది చైత్ర పౌర్ణమి. హైదరాబాద్‌లో గౌలిగూడ రామమందిరం నుంచి కోఠి, కాచిగూడ, నారాయణగూడ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, కవాడిగూడ, ప్యారడైజ్ మీదుగా సికింద్రాబాద్ తాడ్‌బండ్ ఆలయం వరకు సాగే వీర హనుమాన్ విజయయాత్ర ఆనాడే. వేలాది ద్విచక్ర వాహనాలు పాల్గొనే ఈ యాత్ర కోసం నగర పోలీసులు ట్రాఫిక్ మళ్లిస్తారు. జిల్లాల్లోని ర్యాలీలు సైతం అధికశాతం ఈ తిథినే అనుసరిస్తాయి. కాబట్టి మే నెలలో జయంతి అని విని అప్పటిదాకా వేచి ఉన్నవారు నగరానికి వెళితే యాత్ర ముగిసి నెల దాటి ఉంటుంది.

ఇక ఇంగ్లిషు తేదీ ఏటా మారడానికి కారణం చాంద్రమానం. చాంద్ర సంవత్సరానికి సుమారు 354 రోజులే కనుక పండుగ ఏటా 11 రోజుల వంతున ముందుకు జరుగుతుంది. అధికమాసం వచ్చిన పిమ్మట ఒక్కసారిగా వెనక్కి పోతుంది. చైత్ర పౌర్ణమి 2022లో ఏప్రిల్ 16న, 2023లో ఏప్రిల్ 6న వచ్చింది. 2023లో అధిక శ్రావణం రావడంతో 2024లో ఏప్రిల్ 23కు చేరింది. 2025లో మళ్లీ ఏప్రిల్ 12. అందువల్ల నిరుటి తేదీని చూసి ఈ ఏడాది కరపత్రాలు అచ్చు వేయించడం ఎంతమాత్రం తగదు.

ఒక్క రోజు తేడా వచ్చేది మరో కారణంగా. తిథి అర్ధరాత్రి మారదు, పగలైనా రాత్రయినా ఏ వేళలోనైనా మారుతుంది. 2023లో పౌర్ణమి ఏప్రిల్ 5 ఉదయం తొమ్మిది దాటాక ప్రవేశించి మరునాటి ఉదయం పది గంటల ప్రాంతంలో ముగిసింది. అయిదో తేదీ రాత్రి ఆకాశంలో నిండు చంద్రుడు కనిపించినా, సూర్యోదయానికి పౌర్ణమి ఉన్నది ఆరో తేదీనే. విజయయాత్ర ఆరునే జరిగింది. చంద్రుని చూసి తేదీ నిర్ణయించిన వారు ఒక రోజు ముందే బయల్దేరవలసి వచ్చేది!

జయంతి తేదీ వెదికేవారికి ఇంకో మెలిక ఉంది. మన మాసం అమావాస్యతో ముగుస్తుంది, హిందీ ప్రాంతపు మాసం పౌర్ణమితో ముగుస్తుంది. ఫలితంగా మన వైశాఖ బహుళ దశమి వారికి జ్యేష్ఠ కృష్ణ దశమి అవుతుంది. హిందీ పంచాంగంలో వైశాఖ కృష్ణ దశమిని చూస్తే నెల ముందరి తేదీ దొరుకుతుంది. 2025లో మన జయంతి మే 22న కాగా, ఆ లెక్కన చూసిన వారికి ఏప్రిల్ నాలుగో వారమే కనిపిస్తుంది.

దీక్షాపరులకు ఈ పొరపాటు మరింత భారం. చైత్ర పౌర్ణమి నుంచి వైశాఖ బహుళ దశమి వరకు లెక్కిస్తే 41 తిథులు. ఆ రోజున మాల ధరించి పెద్ద జయంతికి విరమణ చేసేవారి మండల దీక్షకు ఇదే ఆధారం. తిథి సగటున రోజు కంటే కాస్త చిన్నది కావడంతో ఇంగ్లిషు రోజులు కొన్నేళ్లు ఒకటి రెండు తగ్గుతాయి. 2023లో ఏప్రిల్ 6 నుంచి మే 14 వరకు, రెండు రోజులనూ కలుపుకొంటే 39 రోజులే. వేళ్ల మీద 41 రోజులు లెక్కించి కొండగట్టుకు ఆలస్యంగా చేరితే జయంతి దాటిపోయినట్లే.

2026 సంవత్సరానికి పౌర్ణమి ఏప్రిల్ 1 ఉదయం ఏడు దాటాక ప్రవేశించి ఏప్రిల్ 2 ఉదయం ఏడున్నర దాటే వరకు ఉంది. సూర్యోదయ ప్రమాణం ప్రకారం విజయోత్సవ తిథి ఏప్రిల్ 2 గురువారం, జయంతి మే 12 మంగళవారం. తేదీ తెలిశాక కూడా ర్యాలీ నిర్వాహకులకు మరో పని మిగులుతుంది. బయల్దేరే సమయం, మార్గం పేర్కొంటూ స్థానిక పోలీసుల అనుమతి ముందుగా పొందాలి. దరఖాస్తులో పండుగ పేరు ఒక్కటే రాయకుండా తిథి, ఇంగ్లిషు తేదీ, వారం మూడూ రాయడం మేలు.