కోడిపిల్లకు మూడోనాటి గండం

తిరునాళ్లలోనూ, వారపు సంతల్లోనూ, గులాబీ, ఆకుపచ్చ, వంగపండు రంగులు పూసిన కోడిపిల్లల్ని గంపలో పోసి అమ్మేవాళ్లను మీరు చూసే వుంటారు. పిల్లలు చెయ్యి పట్టుకు లాగుతారు. పెద్దవాళ్లు విసుక్కుంటూనే కొనిపెడతారు. అట్టపెట్టెలో గుడ్డపేలిక పరిచి, గుప్పెడు నూకలు చల్లుతారు. రెండురోజులు ఇల్లంతా కిచకిచలే. మూడోనాడు ఒకటి కళ్లు మూసుకుని తూలుతుంది. నాలుగోనాటికి పెట్టె ఖాళీ. "దిష్టి తగిలింది" అంటుంది ఇంట్లో పెద్దావిడ. "రంగులో విషం వుంటుందండీ" అంటారు చదువుకున్నవారు.

మా పక్కవాటాలో వుండే ఎనిమిదేళ్ల అమ్మాయి మాత్రం నన్ను ఇంకో ప్రశ్న వేసింది. "మామయ్యగారూ, తిండి చాలకపోతే మొదటిరోజే చచ్చిపోవాలి గదా? నిన్నటిదాకా అంత హుషారుగా ఎందుకున్నట్టు?"

ప్రశ్న చిన్నదే గాని కోడిపిల్ల కడుపు కథంతా అందులోనే వున్నది.

గుడ్డు పొదగవేసిన 21వ రోజున పిల్ల బయటికి వస్తుంది. అంతకు ఒకటి రెండు రోజుల ముందు, మిగిలివున్న పచ్చసొన తన తిత్తితో సహా బొడ్డుగుండా పిల్ల కడుపులోకి చేరుతుంది. ప్రయాణానికి కట్టి ఇచ్చిన చద్దిమూట అన్నమాట. ఏమీ తినకపోయినా రెండు మూడు రోజులు ఆ మూట మీద గడిచిపోతుంది. తల్లికోడి గూట్లోనే వుండి వెనకబడ్డ గుడ్లను కూడా పిల్లలు చెయ్యాలి. ముందు పుట్టినవాళ్లు అందాకా ఆగాలి గదా! హేచరీలవారు ఈ వెసులుబాటు చూసుకునే ఒక్కరోజు పిల్లల్ని పెట్టెల్లో పెట్టి దూరాభారాలు పంపగలుగుతున్నారు. సంతలో గంప దగ్గరికి మనం వెళ్లేటప్పటికి మూట చాలావరకు కరిగిపోయి వుంటుంది. ఇంటికి తెచ్చాక మనం చూసి మురిసిన హుషారు ఆ మిగిలినదాని చలవే.

అలాగని మూడురోజులు మేత పెట్టనక్కరలేదని అనుకోకండి. మొదటి వారంలో పిల్ల ఒంటికంటె పేగులు త్వరగా ఎదుగుతాయి. ఎదగాలంటే వాటికి పని తగలాలి. ఆలస్యమైనకొద్దీ ఆ ఎదుగుదల కుంటుపడుతుంది.

ముందు పెట్టవలసింది మేత కాదు, నీళ్లు. లోతులేని మూకుట్లో నాలుగు గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే పిల్ల మునగదు. ఒక్కోదాని ముక్కు ఒకసారి తడిపితే చాలు, తాగడం దానికే వస్తుంది. తరవాత వెచ్చదనం. మొదటి వారం పిల్లల ఎత్తులో సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీటు వుండాలి. వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఉష్ణమాపకం లేదని బెంగపడకండి. పిల్లలన్నీ బల్బు కిందికి ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే చలి. మూలలకు పోయి నోళ్లు తెరిస్తే ఉక్క.

చలి తగిలినా, మరీ వేడెక్కినా ముందు చెడేది కడుపే. రెట్ట బంకలా వెనక అంటుకుని ఎండిపోతుంది, దారి మూసుకుపోతుంది. చాలా పిల్లలు ఇలాగే పోతాయి. దాన్ని పట్టి పీకకూడదు. గోరువెచ్చని నీళ్లతో తడిపిన దూదితో నానబెట్టి తుడవాలి. వెంటనే ఆరబెట్టాలి. కింద బొడ్డు మచ్చ ఒకటి వుంటుంది, దాని జోలికి పోవద్దు.

తిన్నదో లేదో ఎలా తెలుస్తుంది? రొమ్ముకు పైన, మెడ మొదట్లో, ఒక తిత్తి వుంటుంది. మేత అందులో నాని, జీర్ణరసం కలుపుకుని, కందనకాయలో నలుగుతుంది. రాత్రి దీపం పెట్టాక వేలితో మెల్లగా తడిమి చూడండి. కలిపిన పిండిలా మెత్తగా వుంటే సంతోషం. గట్టిగా వుంటే నీళ్లు చాలలేదు. నీటిబుడగలా వుంటే మేత అందలేదు. పక్కవాటా అమ్మాయి ఈ విద్య ఒక్కపూటలో నేర్చుకున్నది. మా కాలేజీలో కొందరికి సంధులు నేర్పడానికి నాకు టర్ము పడుతుంది.

ఇక నూకల సంగతి. బియ్యపు నూకల్లో మాంసకృత్తులు నూటికి 7, 8 పాళ్లకు మించవు. ఎదిగే పిల్లకు 20 పాళ్లు కావాలి. పల్లెల్లో చెదలు తవ్వి తెచ్చి పిల్లకోడి ముందు పోసేవారు వెర్రివాళ్లు కారు. పట్నంలో చెదలు దొరకవనుకుంటే (దొరికితే కిటికీ తలుపుల్లోనే!) పిల్లల దాణా కొనడం ఉత్తమం.

తెల్ల బియ్యంలో ఇంకో లోటున్నదని లోకానికి చెప్పినవి కూడా కోళ్లే. 1890 ప్రాంతంలో జావాలోని బటేవియాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడి కోళ్లకు కాళ్లు పడిపోయాయి. అవి తింటున్నది సైనిక ఆస్పత్రి వంటశాలలోని తెల్లన్నం. కొత్త వంటవాడు వచ్చి, సైనికుల అన్నం ఊరి కోళ్లకు పెట్టేది లేదన్నాడట. ముడిబియ్యం వెయ్యగానే కోళ్లు లేచి తిరిగాయి. తవుడులోని విటమిను బి1 జాడ అలా దొరికింది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమానంలో భాగం వచ్చింది. ఆ వంటవాడి పిసినారితనానికి మాత్రం ఏమీ రాలేదు.

తల్లి లేని లోటు మరొకటి వున్నది. తల్లి వెంట తిరిగే పిల్ల, ఆమె గీరిన చోటల్లా పొడిచి, ఆమె కడుపులోని మంచి సూక్ష్మజీవుల్ని సంపాదించుకుంటుంది. 1973లో ఫిన్లండులో నూర్మి, రంటాలా అనేవారు పెద్దకోడి పేగుల్లోని పదార్థాన్ని పసిపిల్లలకు పట్టి చూశారు. సాల్మొనెల్లా క్రిములు వాటికి అంత సులువుగా అంటలేదు. పెట్టెలో పుట్టి పెట్టెలో పెరిగే పిల్లకు ఆ ఆస్తి లేదు గనుక మన శుభ్రతే దానికి తల్లి.

తెల్లగా పారుకునే జబ్బు ఒకటి తల్లినుంచి గుడ్డు ద్వారానే వస్తుంది. దాని క్రిమిని 1900 ప్రాంతంలో బయటపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడి పేరు రెట్గర్! తెలుగు మేష్టర్ని గనుక ఆ పేరు మరిచిపోవడం నా తరం కాదు. పరీక్షించిన కోళ్లనుంచి పుట్టిన పిల్లల్ని కొనడం తప్ప దీనికి ఇంట్లో ఉపాయం లేదు.

రక్తం పడితే అది వేరు. మూడు నుంచి ఆరు వారాల మధ్య వచ్చే ఈ రక్తపారుడు ఐమీరియా అనే ఏకకణజీవి పని. రెట్టలో పడ్డ దాని బీజాలు చెమ్మ, వెచ్చదనం దొరికితే రెండురోజుల్లో పదునెక్కుతాయి. నీళ్లమూకుడు ఒలికిన చోటే దాని పుట్టిల్లు. తడిసిన ఊక ఏ పూటకాపూట తీసి పొడి ఊక పొయ్యండి. రక్తం కనబడ్డనాడే పశువైద్యుడికి చూపించాలి; నీళ్లలో కలిపే మందులున్నాయి.

పిల్లలున్న ఇళ్లవారికి ఒక మాట. చూపుకు ఆరోగ్యంగా వున్న కోడిపిల్లలోనూ సాల్మొనెల్లా వుండవచ్చు. ముద్దులు పెట్టుకోనివ్వకండి, వంటింట్లో తిరగనివ్వకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. అయిదేళ్లలోపు పసివాళ్లకు అసలు ఇవ్వకపోవడమే మంచిది.