విజిల్ గడియారం కాదు: ప్రెషర్ కుక్కర్ కథ

గార్ల నుంచి చదువు కోసమో కొలువు కోసమో ఖమ్మం, వరంగల్, హైదరాబాద్ చేరి గది తీసుకున్న యువతకు వంట నేర్చుకోక తప్పదు. ఆ గదిలోకి ముందుగా వచ్చే సామానులో చిన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి. ఇంటికి ఫోన్ చేసి అడిగితే వచ్చే సలహా తెలిసిందే: పప్పుకు నాలుగు విజిల్స్, అన్నానికి రెండు. ఈ లెక్క పట్టుకుని వండితే పప్పు ఒకరోజు వెన్నలా ఉడుకుతుంది, మరోరోజు పలుకు మిగులుతుంది, ఇంకోరోజు అడుగంటుతుంది. తమకు వంట రాదని ఆ పిల్లలు నొచ్చుకుంటారు. లోపం వాళ్లలో లేదు, లెక్కలో ఉంది. లోపలి ఆవిరి హద్దు మీరినప్పుడు కాస్త బయటికి వదలడమే విజిల్ పని. పప్పు ఉడికిందో లేదో దానికి తెలియదు. ఈ యంత్రం పుట్టుక, పనితీరు తెలిస్తే కొత్తగా వండేవాళ్లు విజిల్ లెక్క వదిలి నిమిషాల లెక్క పట్టుకుంటారు.

కుక్కర్‌కు మూలపురుషుడు డెనీ పాపిన్. 1647లో ఫ్రాన్స్‌లో పుట్టి, పారిస్‌లో హైగెన్స్ దగ్గర, లండన్‌లో రాబర్ట్ బాయిల్ దగ్గర పనిచేసిన శాస్త్రవేత్త. మూత గట్టిగా బిగించిన దళసరి లోహపాత్రను 1679లో ఆయన లండన్ రాయల్ సొసైటీ ముందు ప్రదర్శించాడు. గట్టి ఎముకలను సైతం మెత్తబరిచి పేదలకు ఆహారంగా అందించాలని, వంటచెరకు ఖర్చు తగ్గించాలని ఆయన తపన. 1682లో రాయల్ సొసైటీ సభ్యులకు ఆ పాత్రలో వండి విందు పెట్టినప్పుడు ఎనిమిది ఔన్సుల బొగ్గు కూడా పట్టలేదని, ఎముకలు జున్నులా మెత్తబడ్డాయని విందుకు వెళ్లిన జాన్ ఈవ్లిన్ తన డైరీలో రాసుకున్నాడు. ఎనిమిది ఔన్సులంటే పావు కిలో లోపే. పాత్ర పేలకుండా మూతకు చిన్న రంధ్రం పెట్టి, దాని మీద బరువుతో కూడిన మీట అమర్చింది కూడా పాపినే. లోపలి వేడిని అంచనా కట్టడానికి ఆయన మూత మీద నీటిచుక్క వేసి, అది ఎన్ని సెకన్లలో ఇగిరిపోతుందో లోలకంతో లెక్కించేవాడు. అంటే ఈ యంత్రాన్ని కనిపెట్టినవాడు మొదటినుంచీ వేడినీ, కాలాన్నీ కొలిచే వండాడు.

పాపిన్ అక్కడితో ఆగలేదు. ఆవిరితో ముషలకాన్ని (పిస్టన్‌ను) కదిలించవచ్చని 1690లో ప్రతిపాదించాడు. తర్వాతి తరాలు ఆ దారినే ఆవిరి ఇంజన్ దాకా వెళ్లాయి. పాపిన్ మూతకు అమర్చిన ఆ బరువు మీట, అంటే కవాటం, ఇంజన్ బాయిలర్లకు రక్షణ అయింది. గార్ల పొరుగున ఇల్లందు ప్రాంతంలో 1871లో డాక్టర్ విలియం కింగ్ గుర్తించిన బొగ్గును 1889 నుంచి తవ్వి తీసింది ఇలాంటి బాయిలర్ల ఆకలి తీర్చడానికే. వంటింటికి మాత్రం ఈ పాత్ర ఆలస్యంగా చేరింది. అమెరికాలో 1930ల చివర ఇళ్లలో వాడదగ్గ కుక్కర్లు వచ్చాయి. మన దేశంలో ప్రెస్టీజ్, హాకిన్స్ 1959 ప్రాంతంలో రంగంలోకి దిగాయి. మన పల్లెల్లో పేద ఇళ్లకు గ్యాస్ పొయ్యి చేరడానికి 1999లో మొదలైన దీపం పథకం ఊతమిచ్చింది. కట్టెల పొయ్యి మీద మంటను ఒక్క తీరున నిలపడం కష్టం. గ్యాస్ పొయ్యికి మంట తగ్గించే నాబ్ ఉంది. కుక్కర్‌ను సరిగ్గా వాడుకోవడానికి కావలసింది ఆ నాబే.

ఇక పనితీరు. మూతలేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. మంట ఎంత పెంచినా వేడి అంతకు మించదు, నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, అంతే. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెంచుతుంది, ఆ ఒత్తిడికి నీరు మరిగే వేడి కూడా పెరుగుతుంది. బయటి గాలి ఒత్తిడికి మరో అంత తోడైతే నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఈ హద్దును నిలబెట్టేది పైనున్న విజిల్ బరువు. ఉదాహరణకు రంధ్రం వ్యాసం 3 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున తోసే ఆవిరిని ఆపడానికి 70 గ్రాముల బరువు చాలు. ఒత్తిడి అంతకు మించగానే బరువు లేస్తుంది, ఆవిరి బుస్సున పోతుంది, బరువు మళ్లీ కూర్చుంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఉడికే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్న మోటు లెక్క ప్రకారం 20 డిగ్రీలకు నాలుగింతలు. ముప్పావుగంట పట్టే కందిపప్పు పది నిమిషాల్లో ఉడకడంలో రహస్యం ఇదే.

ఇప్పుడు విజిల్ లెక్క ఎక్కడ తప్పుతుందో చూడవచ్చు. మంట పెద్దదిగా ఉంటే నాలుగు విజిల్స్ మూడు నిమిషాల్లో వచ్చేస్తాయి, సిమ్‌లో పెడితే పది నిమిషాలు దాటినా రాకపోవచ్చు. లోపలి వేడి మాత్రం రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒక్కటే. పప్పుకు కావలసింది ఆ వేడిలో గడిపే కాలం. పెద్ద మంట మీద ఆ కాలం మూడు నిమిషాలే దక్కింది గనుక పలుకు మిగిలింది. పైగా ప్రతి విజిల్‌తో ఇంధనం వృథా అవుతుంది. 100 మిల్లీలీటర్ల మరుగుతున్న నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడితో, 30 డిగ్రీల దగ్గరున్న ముప్పావు లీటరు నీటిని మరిగే దాకా తేవచ్చు. మొదటి విజిల్ వచ్చిందంటే లోపలి వేడి హద్దుకు చేరిందన్నమాట. ఆ తర్వాత పెద్ద మంట పప్పుకు చేసే మేలేమీ లేదు.

అమ్మ ఇన్నేళ్లుగా విజిల్స్ లెక్కపెట్టే వండుతోంది కదా, పప్పు ఎప్పుడూ చెడలేదే అనవచ్చు. నిజమే. ఆమె పొయ్యి, కుక్కర్, గ్లాసు, పప్పు కొనే దుకాణం మారవు. అన్నీ స్థిరంగా ఉన్నప్పుడు నాలుగు విజిల్స్ అంటే ఇన్ని నిమిషాలని ఆమె చేతికి తెలుసు. పిల్లల గదిలో ఇండక్షన్ స్టవ్, చిన్న కుక్కర్, వేరే ఊరి నీళ్లు. అంకె వెంట వచ్చింది గానీ, దాని వెనకున్న అనుభవం రాలేదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పప్పు మరీ ఆలస్యంగా మెత్తబడుతుంది. గింజ కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం బిగిస్తుంది, పులుపు కూడా దాన్ని కరగనీయదు. పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోయాలన్న పెద్దల మాటకు ఆధారం ఇదే.

కుక్కర్‌తో పోషకాలు పోతాయన్నది మరో అభ్యంతరం. సి విటమిన్ వేడికి తగ్గుతుంది, అది ఏ వంటలోనైనా తప్పదు. పప్పు ఉడికిన నీళ్లు పప్పులోనే ఉంటాయి గనుక వాటిలో కరిగిన బి విటమిన్లు బయటికి పోవు. అన్నం గంజి వార్చి పారబోసినప్పుడు జరిగే నష్టం ఇక్కడ లేదు. పేలుతుందన్న భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 20 సెంటీమీటర్ల మూత మీద లోపలి ఆవిరి 314 కిలోల బరువుతో సమానంగా తోస్తుంది. అందుకే ఒత్తిడి పూర్తిగా దిగకముందు మూతతో బలప్రయోగం చేయకూడదు. పొంగే పప్పు పొట్టు రంధ్రాన్ని మూసేయవచ్చు గనుక పప్పుధాన్యాలు వండేటప్పుడు కుక్కర్ సగానికి మించి నింపకూడదు. పొయ్యి ఎక్కించే ముందు రంధ్రాన్ని వెలుతురుకు ఎత్తి చూడాలి. సేఫ్టీ వాల్వ్, రబ్బరు పాతబడితే అదే కంపెనీవి కొని మార్చుకోవాలి.

కాబట్టి కొత్తగా వంట పట్టిన వాళ్లకు ఒక్క మాట. అరగంట నానిన కందిపప్పును మొదటి విజిల్ దాకా పెద్ద మంట మీద ఉంచండి, వెంటనే సిమ్ చేయండి, అక్కడినుంచి ఫోన్‌లో 8 నుంచి 10 నిమిషాలు టైమర్ పెట్టండి, ఆపాక ఆవిరి దానంతట అదే దిగనివ్వండి. మీ నీళ్లకు, మీ పప్పుకు ఒకటి రెండు నిమిషాలు అటో ఇటో అయితే ఆ అంకె రాసిపెట్టుకోండి. ఆ తర్వాత ఏ పొయ్యి మీద వండినా ఆ అంకె పనికొస్తుంది.