ఆకలికి ఆనతి ఎక్కడిది?

కడుపు మాడునది ఒకచోట, అన్నమునకు ఆజ్ఞ వెలువడునది వేరొకచోట. దేహపు బరువును, నెత్తుటిలోని చక్కెరను ఏలుచున్న మెదడు కణముల కథ.

ఆకలిని కడుపునకు, మధుమేహమును క్లోమమునకు, స్థూలకాయమును జిహ్వాచాపల్యమునకు అంటగట్టి ఊరకుండుట మనకు తరతరాల అలవాటు. అయితే 1849లో పారిస్ నగరమున క్లాడ్ బెర్నార్డ్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఒక కుందేలు మెదడు అడుగున, నాలుగవ కోష్ఠము నేలపై సూదితో పొడిచి, కొంతసేపటికి దాని మూత్రమును పరీక్షింపగా అందు చక్కెర కనిపించెను. క్లోమమునకు ఏ గాయమును లేదు. సూది తగిలినది మెదడునకు. అక్కడి నాడుల ప్రేరణచే కాలేయము తన నిల్వలోని చక్కెరను రక్తములోనికి విడిచినదని తరువాత తేటపడెను.

ఢిల్లీలో దొరికిన ఆచూకీ

మెదడు అడుగున, పీయూషగ్రంథికి పైన, సుమారు నాలుగు గ్రాముల బరువుగల చిన్న భాగము హైపోథాలమస్. దాని మధ్యభాగమునకు గాయమైన ఎలుకలు విపరీతముగా లావెక్కుట 1940 నాటికే హెదరింగ్టన్, రాన్సన్ అనువారు గమనించియుండిరి. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున భారతీయ శాస్త్రజ్ఞుడు బి.కె. ఆనంద్, జాన్ బ్రోబెక్‌తో కలసి, అదే హైపోథాలమస్ ఇరుపక్కలనున్న సూక్ష్మస్థానములను నశింపజేయగా, ఎలుకలు ఎదుట మేత ఉన్నను ముట్టక కృశించినవి. పిమ్మట ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో శరీరధర్మశాస్త్ర విభాగమునకు తొలి అధిపతియైన ఆనంద్, 1962లో సహచరులతో కూడి జంతువుల హైపోథాలమస్‌లోనికి సన్నని తీగలను చొప్పించి, నెత్తుటిలోనికి గ్లూకోజు ఎక్కించినప్పుడు దాని మధ్యభాగముననున్న తృప్తికేంద్రము చురుకెక్కుటను, చక్కెర తగ్గినప్పుడు అది మందగించుటను నమోదు చేసెను. నాలుక ప్రమేయము లేకయే రక్తపు తీపిని పసిగట్టు కణములు తలలోనున్నవనుటకు అది గట్టి సాక్ష్యము.

పక్కపక్కనే రెండు తెగలు

హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ అను కణపుంజమున రెండు తెగల నాడీకణములు ఇరుగుపొరుగున వసించును: ఏజీఆర్‌పీ కణములు తినుమని పురికొల్పును, పీఓఎంసీ కణములు చాలునని వారించును. 2011లో కాంతి సాయమున మొదటి తెగను మేల్కొలుపగా, కడుపు నిండియున్న చిట్టెలుకలు సైతము నిమిషములలోనే ఆవురావురుమని తిననారంభించినవి. 2015లో అంతకు మించిన విచిత్రము బయటపడెను: ఆకలిగొన్న చిట్టెలుక ఎదుట మేత పెట్టగానే, ఒక్క గింజయైనను నోట పడకముందే, ఆ కణములు సద్దుమణిగినవి. గడచిన భోజనమునకే గాక, రానున్న భోజనమునకు సైతము అవి లెక్క కట్టునన్నమాట.

దీర్ఘకాలపు లెక్క మరియొకటి కలదు. కొవ్వు నుండి వెలువడు లెప్టిన్ అను హార్మోనును 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొనెను. గాదెలో మిగిలిన గింజల లెక్కను యజమానికి విన్నవించు పాలేరు వలె, దేహమందలి కొవ్వు నిల్వను అది మెదడునకు తెలుపును. పస్తులుండి చిక్కిన మనిషికి లెప్టిన్ తగ్గును. మెదడు దానిని కరవుగా నెంచి, ఆకలిని పెంచి, శక్తి వ్యయమును కుదించి, పోయిన బరువును తిరిగి రాబట్టజూచును. స్థూలకాయులలో లెప్టిన్ సమృద్ధిగానే యున్నను మెదడు దానిని చెవిని పెట్టదు. అందుచేతనే లెప్టిన్ సూదిమందు, పుట్టుకతో అది లోపించిన కొద్దిమంది పిల్లలకు వరమైనను, తక్కినవారికి అంతగా అక్కరకు రాలేదు. నేడు పేరుమోసిన సెమాగ్లూటైడ్ అను మందు క్లోమముచే ఇన్సులిన్ విడిపించుటతోపాటు, మెదడులోని తృప్తి మార్గములను కూడ ప్రేరేపించుటచే, చక్కెరను, బరువును ఒక్కమారే తగ్గింపగలుగుచున్నది.

కావున లావైనవారిని చూచి నోరు కట్టుకొమ్మని హితవు చెప్పువారు, ఆ అభాగ్యులు పోరాడుచున్నది కరవును మరువని మెదడుతోనని గుర్తెరుగవలె. నిగ్రహము ఒక పూటను గెలువగలదు. ఈ కణములు ఏండ్ల తరబడి కాపు కాయును. రక్తపు పోటుకు వలెనే బరువునకును, మందలింపులు మాని, ఓపికతో దీర్ఘకాలము వైద్యము చేయించుటయే న్యాయము.